తల్లిదండ్రుల మాస్టారు

బుధవారం మధ్యాహ్నం మూడు దాటినా పిండి రుబ్బడం సగమే అయింది. నాలుగు రోజులు వాగులో నానిన కర్రపెండలం దుంపలు మెత్తబడి, పులిసిన వాసన కొడుతూ ఎడోవా వంటపాక ముందు గోనెపట్టాల మీద గుట్టగా పడి ఉన్నాయి. చుట్టూ తొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఇద్దరు దుంపల్లోంచి ఈనెలు లాగేస్తున్నారు. ఒకామె చేతిమర తిప్పుతోంది. మిగతావాళ్లు ఆకులకి నిప్పు సెగ చూపించి, మెత్తబడ్డాక గుప్పెడు పిండి పొడుగ్గా దిద్ది, చుట్టి, రాఫియా తాటి నారతో పైనుంచి కిందిదాకా బిగించి కడుతున్నారు. కట్టిన కడ్డీలన్నీ సగానికి కోసిన ఇనప డ్రమ్ములో పేర్చి ఆవిరికి పెట్టాలి. తెల్లారితే గురువారం. రాజధాని యావుండేకి పోయే బస్సులు ఆగే మలుపు దగ్గర వాటిని అమ్మాలి.

పదకొండేళ్లుగా ప్రతి గురువారం అలా అమ్మిన కడ్డీల మీదే మెండా ఊరి బడి నడుస్తోంది. ఆరు తరగతుల బడికి సర్కారు పంపింది ఒక్క హెడ్మాస్టారు ఒవోనా గారిని. కింది మూడు తరగతులకి జోగో మాస్టారిని తల్లిదండ్రులే పెట్టుకున్నారు. అందుకే ఊళ్లో అతన్ని తల్లిదండ్రుల మాస్టారంటారు. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు ఎడోవా. అధ్యక్షురాలంటే ఏమిటో ఆమె చేతులు చూస్తే తెలుస్తుంది. వేళ్ల మధ్య నారకోతలు, మోచేతుల దాకా ఆవిరి మచ్చలు.

"ఎడోవక్కా, నీ కడ్డీలు మరీ లావైపోతున్నాయే" అంది తెక్లా. "బస్సులోవాళ్లు ఒకటి కొని ఇద్దరు తినేస్తే మాస్టారికి జీతం ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"నిన్ను ఎదురుగా పెట్టుకుని కడుతున్నానుగా, ఆ కొలతే వస్తోంది."

అందరూ గొల్లుమన్నారు. మర తిప్పుతున్న ఆంజెలిక్ కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. ఆమె జోగో మాస్టారి భార్య. నువ్వు రానక్కర్లేదమ్మా అని మొదట్లో చాలామంది చెప్పారు. అయినా ఒక్క బుధవారం మానలేదు. తన మొగుడి జీతం కోసం తనే మర తిప్పడం ఊళ్లో ఎవరికీ వింతగా తోచడం ఎప్పుడో మానేసింది. తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది.

హెడ్మాస్టారి మోటారుసైకిలు కోకో తోటల దారిలోంచి వచ్చి ఆగింది. ఒవోనా గారు దిగుతూనే చొక్కా జేబులోంచి మడత కాగితం తీశారు.

"వచ్చింది. మనకి పోస్టు వచ్చిందమ్మా. వచ్చే బుధవారం కల్లా కొత్త టీచరు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెక్లా పిండి చేతులు పైకెత్తి పెద్ద కూత పెట్టింది. మిగతావాళ్లూ అందుకున్నారు. ఆ గోలకి బాట అవతలి బడిలోంచి పిల్లలు, వాళ్ల వెనకే చేతులకి సుద్దపొడితో జోగో పరిగెత్తుకొచ్చారు. ఎవరైనా చచ్చిపోయారేమోనని భయపడ్డాడట. కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"నిజమేనక్కా! సీలు కూడా ఉంది" అన్నాడు ఎడోవాతో. చప్పట్లు కొట్టాడు. "ముగ్గురం అవుతాం. ఇక ఒకటో తరగతిని విడిగా కూర్చోబెట్టొచ్చు. అక్షరాలు రానివాళ్లనీ లెక్కలు చేసేవాళ్లనీ ఒకే గదిలో పెట్టి చంపుతున్నాను ఇన్నాళ్లూ."

ఒవోనా గారు బండి సీటు మీద దుమ్ము చేత్తో తుడుస్తూ నిలబడ్డారు.

"అయితే ఇంక ఈ బుధవారాలు ఉండవన్నమాట!" అంది తెక్లా. ఆ మాటలో ఏ చెడూ లేదు. సంతోషం పట్టలేక అంది. కానీ మర ఆగింది. ఎడోవా తలెత్తి చూసేలోపే ఆంజెలిక్ మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు మలుపు దగ్గర ఎండ తెల్లగా కాసింది. బస్సు కనపడగానే పళ్లేలు నెత్తిమీద పెట్టుకుని ఆడవాళ్లందరూ కిటికీల వెంట పరిగెత్తాలి. డ్రైవరు ఎంతసేపు ఆపుతాడో అతని ఇష్టం. రెండు బస్సుల మధ్య ఖాళీలో ఆంజెలిక్ వచ్చి ఎడోవా పక్కన చెక్కపెట్టె మీద కూర్చుంది.

"అక్కా, శనివారం సంఘం మీటింగట కదా."

"అవును."

"ఆయన రాత్రి ఒకటో తరగతికి కొత్త పట్టిక రాసుకుంటూ కూర్చున్నాడు. ముగ్గురు మాస్టర్లకి మూడు రంగులు వేసి." ఆంజెలిక్ గొంతు తగ్గించింది. "నలభై మూడేళ్లు వచ్చాయి. ఇప్పుడు ఇంకో పని చూసుకోమంటే ఏం చూసుకుంటాడు? కత్తి పట్టుకుంటే కోకో కాయ బదులు తన వేలు కోసుకుంటాడు."

"నేనున్నాను కదే" అంది ఎడోవా. "ఆరు తరగతులకి ముగ్గురైనా తక్కువే. ఆ మాటే చెప్తాను. నేను ఉండగా మీ ఆయన్ని ఎవరూ కదిలించరు."

ఆంజెలిక్ తలాడించింది. ఇంకేదో అనబోయినట్టు పెదవి కదిలింది గానీ అప్పుడే బస్సు వచ్చింది.

ఎడోవా వెనక కిటికీ పట్టుకుంది. లోపల టోపీ పెట్టుకున్న మనిషి నాలుగు కడ్డీలు తీసుకున్నాడు. వేడిగా ఉన్నాయా లేదా అని ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. డబ్బు తీసేలోగా బస్సు కదిలింది. "అయ్యా, డబ్బు! డబ్బయ్యా!" అంటూ ఆమె పరిగెత్తింది. యాభై రెండేళ్ల మనిషి, నెత్తిమీద పళ్లెం, చంకలో కొంగుమూట. ముప్పై అడుగులు పరిగెత్తాక కుడి మోకాలు పక్కకి మడతపడింది. ఆ మనిషి కిటికీలోంచి నాణెం విసిరేశాడు. అది ఎర్రమట్టిలో ఎక్కడో పడింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని దుమ్ము జల్లెడ పట్టినట్టు వేళ్లతో గాలించింది. వెనక నుంచి వస్తున్న లారీ ఒకటి హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. "దొరికిందా అధ్యక్షురాలా?" అని లారీ మీది కూలీలెవరో అరిచి నవ్వారు. వాళ్లు మెండా కుర్రాళ్లే. ఇదే బడిలో చదివినవాళ్లే.

నాణెం దొరికింది. ఆమె లేవడానికి ఆంజెలిక్ చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

శనివారం నాటికి మోకాలు వాచి బిగుసుకుపోయింది. ఆకుపసరు పట్టించి గుడ్డ చుట్టుకుని ఎడోవా బడికి వెళ్లింది. మగవాళ్లు పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక వరసల్లో ఉన్నారు. జోగో రాలేదు. తన గురించి మాట్లాడుకునేచోట తను ఉండటం బాగుండదన్నాడు.

సెక్రెటరీ ఫూడా లేచాడు. కోకో కొనే షావుకారు దగ్గర పనిచేసే మనిషి. మాట నున్నగా ఉంటుంది. "సర్కారు మనకి టీచర్ని ఇచ్చింది. దేవుడు చల్లగా చూశాడు. ఇన్నాళ్లూ మన పిల్లల చదువు మన వీపుల మీద మోశాం. జోగో మాస్టారు మంచివాడు. కాదన్న నోరు పడిపోతుంది. కానీ ఇకముందు ఏం చేద్దామన్నదే మాట."

"ముగ్గురుంటే బాగుంటుంది కదా" అన్నాడు ముందు బల్లలోని ముసలాయన ఒకరు.

"బాగుంటుంది పెదనాన్నా. బుధవారం మర నువ్వు తిప్పుతావా?"

గది నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు.

"హెడ్మాస్టారు గారేమంటారు?"

ఒవోనా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అతన్ని పెట్టుకుంది మీరు. ఉంచమనడానికీ తీసెయ్యమనడానికీ నాకు అధికారం లేదు."

"అయితే అధ్యక్షురాలు చెప్పాలి" అన్నాడు ఫూడా.

ఆమె లేచి నిలబడింది. చెప్పాల్సినదంతా దారిలో వరసగా అనుకుంటూ వచ్చింది. ఆరు తరగతులు. ముగ్గురు. ఒకటో తరగతి విడిగా. మోకాలు మీద బరువు పడగానే నొప్పి నడుం దాకా పాకింది. ఆమె వెనక వరసల వైపు చూసింది. తెక్లా తన అరచేతులు చూసుకుంటోంది. అందరూ ఎవరి ఒడిలోకి వాళ్లు చూసుకుంటున్నారు. ఆ చూపేమిటో ఎడోవాకి తెలుసు. ఏ మగవాడి కంటేనూ బాగా తెలుసు. ఇంకో గురువారం వద్దు. ఇంకో పదకొండేళ్లు వద్దు. ఆ మాట వాళ్లెవరూ పైకి అనరు. ఉంచుదామని ఆమె అనకుండా ఉంటే చాలు.

"మీ అందరి మాటే నా మాట" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కూర్చుంది. ఇక వద్దనుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు ఫూడా. బల్లలు కిర్రుమన్నాయి, దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఎడోవా తన చెయ్యి ఎత్తలేదు. బల్ల మీద ఎవరో పిల్లవాడు మేకుతో గీసిన బొమ్మని వేలితో తడుముతూ ఉండిపోయింది. చివరి వరసలో ఆంజెలిక్ కూర్చున్న వైపు మాత్రం తల తిప్పలేదు.

చెప్పే పని అధ్యక్షురాలిదే. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆమె జోగో ఇంటికి వెళ్లింది. బడిలో ఉన్నాడన్నారు. గది తలుపు తీసి ఉంది. నల్లబల్ల కిందికి దించి రెండు ఇటుకల మీద ఆన్చి ఉంది. జోగో పాత టార్చి బ్యాటరీలు పగలగొట్టి అందులోని నల్లపొడి బొగ్గుతో కలిపి నూరుతున్నాడు. పక్కన డొప్పలో ఆకుల పసరు ఉంది. రెండూ కలిపి గుడ్డముక్కతో బల్లకి పూస్తున్నాడు, పైనుంచి కిందికి, ఒక్క గీత వదలకుండా.

"ఇంకో పూత వేస్తే అద్దంలా ఉంటుంది" అన్నాడు. "కొత్తావిడ వచ్చేసరికి ఆరిపోవాలి."

"మాస్టారూ, నిన్న..."

"తెలుసక్కా. కూర్చోండి, ఆ కాలు మీద నిలబడకండి."

ఆమె పిల్లల బల్ల అంచున కూర్చుంది. అతను రెండో పూత మొదలుపెట్టాడు.

"నాకో కాగితం కావాలి" అన్నాడు తిరిగి చూడకుండా. "సర్కారు కాంట్రాక్టు మీద టీచర్లని తీసుకుంటోందట. తల్లిదండ్రుల మాస్టర్లుగా చేసినవాళ్లకి ముందు వరస అని రేడియోలో చెప్పారు. పదకొండేళ్లు చేశానని సంఘం రాసివ్వాలి. దాని మీద పట్నం ఆఫీసు సీలు ఉండాలి."

"రేపే వెళ్దాం" అంది ఎడోవా వెంటనే. ఏదో ఒకటి చెయ్యమన్నందుకు ప్రాణం లేచివచ్చింది. "నేను కూడా వస్తాను. సీలు వేసేదాకా కదలను."

సోమవారం ఒక్క అద్దె మోటారుసైకిలు మీద డ్రైవరుతో కలిపి ముగ్గురూ పట్నం వెళ్లారు. ఎడోవా వాచిన కాలు పక్కకి చాపుకుని కూర్చుంది. జోగో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సంఘం రాసిచ్చిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల, పొట్టకి ఆన్చి దాచుకున్నాడు. బడుల ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న గుమాస్తా మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. వేయించిన వేరుశనక్కాయల పొట్లం వాళ్ల వైపు జరిపాడు.

"మెండా" అంటూ అట్ట ఫైలు ముడి విప్పాడు. "పిల్లలు నూట నలభై. నిరుడు మాస్టర్లు ఇద్దరు. ఆ ముందేడూ ఇద్దరు. దాని ముందూ ఇద్దరే."

"సర్కారు ఇచ్చింది ఒకరినే కదా బాబూ" అంది ఎడోవా. "రెండోవారు మా మాస్టారు. వీరే."

"ఫారంలో అలా విడిగా రాయడానికి గడి లేదమ్మా. బడిలో పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది? అంతే. ఒక్కరే ఉన్న బళ్లకి పోస్టులు ముందు వెళ్తాయి. ఇద్దరున్నవి అడుక్కి పోతాయి. న్యాయమే కదా?"

ఎడోవాకి ఆ మాట మెల్లగా ఎక్కింది. "అంటే... మేం మాస్టారిని పెట్టుకోకుండా ఊరుకుని ఉంటే?"

"ఎనిమిది తొమ్మిదేళ్ల కిందటే మీకు టీచరు వచ్చి ఉండేవాడు" అన్నాడు గుమాస్తా. సాయం చేస్తున్నట్టే చెప్పాడు. "అదృష్టం కొద్దీ ఈ ఏడు మీ హెడ్మాస్టారు ఒకటి అని రాశారు. అందుకే వచ్చింది."

ఎడోవాకి బండి సీటు తుడుస్తూ నిలబడ్డ ఒవోనా గారు గుర్తొచ్చారు. జోగో శనక్కాయ ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. ఒలవలేదు.

"ఆ రెండోవాణ్ణి నేనే" అన్నాడు చివరికి. "పదేళ్లు మీ పుస్తకంలో ఉన్నాను. ఈ కాగితం మీద ఆ ముక్క రాసి సీలు వేస్తే చాలు."

గుమాస్తా ఫైలు అతని వైపు తిప్పి చూపించాడు. "చూడండి మాస్టారూ. ఇక్కడ రెండు అని అంకె ఉంది. పేరు ఎక్కడుంది? అంకెకి నేను సీలెలా వేస్తాను? పైగా ఈ ఏడు ఆ అంకె కూడా లేదు."

ఎడోవా బతిమాలింది. ఊరంతటి చేత వేలిముద్రలు వేయిస్తానంది. కావాలంటే ఊళ్లోకి వచ్చి కనుక్కోమంది. గుమాస్తా నొచ్చుకున్నాడు. తన చేతిలో లేదన్నాడు, పై ఆఫీసుకి రాసుకోమన్నాడు, వెళ్లేటప్పుడు శనక్కాయల పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో మలుపు దగ్గర డ్రైవరు దింపేశాడు. ఇద్దరూ కోకో తోటల మధ్య నెమ్మదిగా నడిచారు. ఆమె కోసం అతను అడుగు తగ్గించాడు.

"అయితే పదకొండేళ్లు నేనే అడ్డంగా కూర్చున్నానన్నమాట" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ రాలేదు.

"అలా అనకండి మాస్టారూ. మిమ్మల్ని కూర్చోబెట్టింది మేం."

"నేను వదిలేసి పోతే రెండేళ్లలో టీచరు వచ్చేవాడు. మీ కడ్డీలు, మీ కాళ్లు... అంతా..."

"ఆ రెండేళ్లు పిల్లలకి ఎవరు చెప్పేవాళ్లు?"

దారిలో ఆరబోసిన కోకో గింజల చాప ఒకటి అడ్డం వస్తే ఇద్దరూ పక్కకి దిగి నడిచారు. ఎడోవా ఆగింది.

"మాస్టారూ, శనివారం నేను నోరెత్తలేదు. ఆంజెలిక్‌కి మాటిచ్చి కూడా ఎత్తలేదు. వాళ్లందరూ నా మొహం చూశారు. నేనొక్కదాన్ని ఉంచుదామంటే ఉంచేవాళ్లే. నాకు అలుపొచ్చింది. అంతే. ఇంకే కారణమూ లేదు."

"తెలుసు. ఆంజెలిక్ చెప్పింది."

"నన్ను తిట్టుకుని ఉంటుంది."

"లేదక్కా." అతను చాప అంచు మీదనుంచి జారిన గింజ ఒకటి తీసి మళ్లీ చాప మీద వేశాడు. "ఆవిడ కూడా చెయ్యెత్తింది. వద్దనే వైపు. ఇంటికి రాగానే ముందు అదే చెప్పింది, గుమ్మంలో నిలబడి."

"మీరేమన్నారు?" అని అడిగింది ఎడోవా.

"ఏమంటాను? ఆ భుజం రోజూ చూస్తున్నది నేనే కదా. లోపలికి రా, తినడానికేముంది అన్నాను."

ఊరి మొదట్లో అతను ఇస్త్రీ చొక్కా విప్పి భుజాన వేసుకుని తన దారిన వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఎడోవా శనక్కాయలు కోళ్లకి వేసేసింది.

బుధవారం పొద్దున్న కొత్త టీచరు వచ్చింది. పేరు దిద్జా. దూరాన ఉత్తరాది గారువా వైపు పిల్ల. ఇరవై నాలుగేళ్లుంటాయి. తల మీద గళ్ల ముసుగు, రెండు రోజుల ప్రయాణంతో వాచిన కళ్లు. ఊరు ఊరంతా బడి ముందుకి వచ్చింది. ఫూడా మాట్లాడాడు. తెక్లా పాట ఎత్తుకుంది. జోగో జనంలో వెనకగా, ఒకటి రెండు తరగతుల పిల్లల తండ్రులు నిలబడ్డచోట నిలబడ్డాడు. అతని కూతురు ఒడీల్ రెండో తరగతి.

దిద్జా గది గుమ్మంలోకి వెళ్లి లోపలికి చూసింది. డెబ్బై ముగ్గురు పిల్లలు ఆమెని చూశారు. ఆమె చేతిలోని పుస్తకం గుండెకి హత్తుకుని బయటికి తిరిగింది.

"వీళ్లకి ఇన్నాళ్లూ చెప్పింది ఎవరు?"

ఫూడా గొంతు సవరించుకున్నాడు. పిల్లలు మాత్రం కిటికీల్లోంచి జోగో వైపు చూశారు. ఆమె ఆ చూపుల వెంటే వెళ్లి అతన్ని పట్టుకుంది.

"మాస్టారూ, మీకేమీ అనుకోకపోతే ఈ ఒక్క పూట నాతో ఉంటారా? ఎవరు ఎవరో నాకు తెలియాలి కదా."

జోగో చెప్పులు గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి వెళ్లాడు. జనం చెదిరిపోయారు. ఎడోవా కాలు నొప్పి అని చెప్పి బయట కిటికీ కింద అరుగు మీద కూర్చుండిపోయింది.

హాజరు పుస్తకం దిద్జా చేతిలోనే ఉంది. అతను చూడలేదు. మొదటి బల్ల నుంచి మొదలుపెట్టాడు.

"ఇతను అతేబా. ఎడమ చెవి వినపడదు. ఎడమవైపు గోడ పక్కన కూర్చోబెడితే మంచి చెవి మీ వైపు ఉంటుంది. సిడోనీ, లే అమ్మా. ఈ పిల్ల ఏడో ఎక్కం దగ్గర తడబడుతుంది. ఎనిమిది గడగడా చెప్పేస్తుంది. ఎందుకో నాకూ అంతుపట్టలేదు. ఇది పెర్పెత్యూ. నవ్వుతోంది కదా, అర్థమైందనుకోకండి. అర్థం కానప్పుడే నవ్వుతుంది."

పిల్లలు కిసకిసలాడారు. దిద్జా రాసుకుంటోంది.

"వీడు బికోకో చిన్నవాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే చొక్కా. ఒకరోజు ఒకడు, ఇంకోరోజు ఇంకొకడు వస్తారు. మీరు ఇద్దరి పేర్లూ పిలవండి. రానివాడి పాఠం వచ్చినవాడు ఇంటికి మోసుకెళ్తాడు. ఎప్పుడూ ఎగ్గొట్టలేదు."

"రానివాడికి గైరుహాజరు వెయ్యాలి కదా?"

"వెయ్యాలి" అన్నాడు జోగో. "నేను మాత్రం వెయ్యలేదు."

అలా ఒక్కొక్కరే. ఎవరికి పొద్దున్న తిండి ఉండదో, ఎవరిని కొడితే నోరు మూసుకుని వారం రోజులు మాట్లాడరో, ఎవరు బొమ్మలు బాగా వేస్తారో. డెబ్బై మూడు పేర్లు. ఎండ కిటికీ మీదనుంచి జారి ఎడోవా పాదాల దాకా వచ్చింది. మధ్యలో ఒక్కసారి కూడా అతను తడుముకోలేదు. ఎడోవా అరుగు మీద నార ముక్క ఒకటి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నది. ఇందులో పావువంతు అయినా తను శనివారం నాడు చెప్పగలిగి ఉండేది. చెప్పినా ఏమయ్యేదో తెలియదు. చెప్పలేదు.

"ఈ పాప?" అంది దిద్జా ఆఖరి బల్ల దగ్గర.

"ఒడీల్. మా అమ్మాయి." అతని గొంతు మొదటిసారి తగ్గింది. "దీన్ని గురించి నాకంత తెలియదు. క్లాసులో దీని వైపు చూస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారో అని చూసేవాణ్ణి కాదు. మీరే కనుక్కోండి."

సుద్దముక్క బల్ల అంచున పెట్టి బయటికి నడిచాడు. అతను గుమ్మం దాటగానే లోపల బల్లలు ఒక్కసారి చప్పుడు చేశాయి. మాస్టారు బయటికి వెళ్తుంటే అందరూ లేవాలి, ఆయన గుమ్మంలోంచి కూర్చోమనేదాకా నిలబడే ఉండాలి. ఆ సంగతి పిల్లలకి తప్ప ఎవరికీ తెలియదు. దిద్జా నల్లబల్ల వైపు తిరిగి తేదీ రాస్తోంది. జోగో అప్పటికే ముంగిలి సగం దాటాడు.

ఎడోవా అరుగు పట్టుకుని లేచింది. కిటికీలోంచి చూస్తే డెబ్బై మూడు తలలూ గుమ్మం వైపే తిరిగి ఉన్నాయి.

"మాస్టారూ!" అని అరిచింది. ఆ కేక బాట అవతల ఇళ్లలోంచి ఆడవాళ్లు తొంగిచూసేంత గట్టిగా వచ్చింది. "మాస్టారూ, పిల్లలు నిలబడే ఉన్నారు!"

అతను ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఆవిడ చెప్తారక్కా" అన్నాడు. కోకో చెట్ల వైపు నడిచి వెళ్లిపోయాడు.

దిద్జా సుద్దముక్కతో తిరిగి చూసింది. ఏమైంది, ఎందుకు నిలబడ్డారని అడిగింది. ఆమె కిటికీలో ఎడోవా మొహం చూసింది, పిల్లల్ని చూసింది, ఖాళీ గుమ్మాన్ని చూసింది.

"కూర్చోండి" అంది చివరికి, అనొచ్చో లేదో తెలియనట్టు.

ముందు బల్లలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. తర్వాత మధ్యవాళ్లు. అందరూ కూర్చున్నాక కూడా ఒడీల్ కాసేపు నిలబడే ఉంది.